పాత రైలు వంతెనపై నడక బాట: కొవ్వూరు ఒడ్డు దాకా చేరుతుందా?

రాజమండ్రి: గోదావరిపై తొంభై ఏడేళ్లపాటు రైళ్లను మోసి 1997లో విశ్రాంతి పొందిన హేవలాక్ వంతెనకు మళ్లీ మంచి రోజులు వచ్చే సూచనలు కనిపిస్తున్నాయి. 2025 జూన్ 26న పుష్కర ఘాట్ వద్ద అఖండ గోదావరి పథకానికి కేంద్ర పర్యాటక మంత్రి గజేంద్రసింగ్ షెకావత్, రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ శంకుస్థాపన చేశారు. 94 కోట్ల 44 లక్షల రూపాయల ఈ పథకంలో పాత వంతెనను పర్యాటక స్థలంగా తీర్చిదిద్దడం ఒక ముఖ్య భాగం. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నందున ఈ పనులకు ప్రాధాన్యం పెరిగింది.

వంతెన తుక్కు ఇనుము కింద పోకుండా నిలవడమే జిల్లా ప్రజలకు సంతోషకరమైన విషయం. అయితే ఇకమీదట అది ఎవరి కోసం నిలుస్తుందన్న ప్రశ్నకు మాత్రం ఇంకా సరైన సమాధానం రావలసి వున్నది. సాయంకాలం టిక్కెట్టు కొని నాలుగు కానాల దూరం నడిచి, ఫోటో తీయించుకుని వెనక్కి వచ్చేవారికి అది వినోద స్థలమవుతుందా? లేక కొవ్వూరు వైపు పల్లెల నుంచి రాజమండ్రికి సైకిలుపై వచ్చేవారికి, కాలినడకన వచ్చేవారికి దారి అవుతుందా? ఇంతవరకు వెలువడిన ప్రకటనలలో పర్యాటక ఆకర్షణల మాట ఎక్కువగానూ, రాకపోకల మాట తక్కువగానూ వినిపించింది. అసలు విషయం ఇక్కడే వున్నది.

పడవ దాటింపు నుంచి పాత బ్రిడ్జి దాకా

వంతెన లేని రోజులలో గోదావరి దాటడమంటే పడవే గతి. వరద వస్తే ఆ దాటింపు కూడా లేదు. మద్రాసు నుంచి కలకత్తాకు నేరుగా రైలు నడవాలంటే అడ్డంగా నిలిచిన పెద్ద నది గోదావరి. 1897లో వంతెన పని ప్రారంభమైంది. అంతకు ముందు కాశీ వద్ద గంగపై వంతెన నిర్మాణంలో చేయి తిరిగిన ఇంజనీరు వాల్టన్ దీనికీ ప్రధాన ఇంజనీరు. నది అడుగున బావులు దింపి, వాటిపై రాతి స్తంభాలు లేపి, ఒక్కొక్కటి 150 అడుగుల పొడవున్న 56 కానాలను ఇనుప గర్డర్లతో కలిపారు. మొత్తం పొడవు రెండున్నర కిలోమీటర్లకు పైమాటే. 1900 సంవత్సరంలో రైళ్లు నడవడం మొదలైంది. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు గాని, జనం నోట అది పాత బ్రిడ్జిగానే నిలిచింది.

1974లో రోడ్డు, రైలు రెండూ సాగే వంతెన వచ్చేదాకా రాజమండ్రి దగ్గర నదిపై వున్నది ఈ ఒక్క వంతెనే. అది కూడా ఒకే లైను. కాలినడకవారికి, బండ్లవారికి అది దారి కాలేదు. కళ్ల ముందే వంతెన వున్నా కొవ్వూరు మనిషి రాజమండ్రి బజారుకు రావాలంటే టిక్కెట్టు కొని రైలెక్కాలి, లేదా రేవుకు పోయి పడవెక్కాలి. ఆ లెక్కన పాత వంతెన ఒడ్డున వున్న పల్లెలకు ఒక బాకీ పడి వున్నదనే చెప్పాలి.

నిర్మాణం ఎంత గట్టిదంటే, 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చి లంకలను, కోనసీమను ముంచెత్తినా స్తంభాలు చెక్కుచెదరలేదు. 1997లో పక్కనే ఆర్చి వంతెన సిద్ధమైన తర్వాత దీనిపై రైళ్లు ఆపివేశారు. అప్పటి నుంచి రైల్వేవారి లెక్కలో ఇది పాత ఇనుము. రాజమండ్రి వారి లెక్కలో ఇది ఊరి ముఖం. ఊరి పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే బొమ్మలో గోదావరి, ఘాట్, వంతెన మూడూ వుంటాయి. దీనిని విప్పి అమ్మివేస్తారన్న మాట వచ్చినప్పుడల్లా జనం వ్యతిరేకించింది అందుకే.

ఈ ప్రాంతం వారికి పాతవాటిపై మమకారం కొత్తది కాదు. కొవ్వూరు మండలం కుమారదేవంలో ఎన్నో సినిమాలలో కనిపించిన పెద్ద నిద్రగన్నేరు చెట్టు 2024 ఆగస్టులో కూలిపోతే, కట్టెల కింద కొట్టి పంచుకోవడానికి బదులు దానికి మళ్లీ చిగురు తెప్పించే ప్రయత్నం చేశారు. చెట్టుకే అంత చేసినవారు వంతెనను వదులుకుంటారని అనుకోనక్కరలేదు.

సైకిలు మనిషికి దారి ఏది?

ఇప్పుడు నదిపై వంతెనలకు కొరత లేదు కదా అని అనిపించవచ్చు. 1974 నాటి రోడ్డు-రైలు వంతెన వున్నది. జనం గామన్ వంతెన అని పిలిచే నాలుగు వరసల రోడ్డు వంతెన 2015లో వచ్చింది. దిగువన ధవళేశ్వరం బ్యారేజీ రోడ్డు వున్నది. అయితే ఈ మూడింటిలో ఏ ఒక్కటీ నడిచేవారిని, సైకిలు తొక్కేవారిని దృష్టిలో పెట్టుకుని కట్టినది కాదు.

రోడ్డు-రైలు వంతెన రోడ్డు భాగం నాలుగు కిలోమీటర్ల పొడవు. ఇరుకు దారి. ఎదురుగా బస్సు, వెనుక ఆటో, మధ్యలో పాల క్యాన్లు కట్టిన సైకిలు. పక్కకు తప్పుకోవడానికి చోటు వుండదు. 2023లో మరమ్మతుల కోసం ఆ వంతెనపై వాహనాలు నిలిపివేసినప్పుడు కారు వున్నవారు గామన్ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లగలిగారు. సైకిలువారికి ఆ చుట్టు ఎంత భారమో తొక్కేవారికే తెలియాలి. గామన్ వంతెనపై లారీల వేగం చూసినవారు ఎవరూ పిల్లవాడిని సైకిలుపై అటు పంపరు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగిన తర్వాత మరొక మార్పు వచ్చింది. అంతకు పూర్వం కొవ్వూరు పశ్చిమ గోదావరి జిల్లాలో వుండేది. పనులన్నీ ఏలూరు కలెక్టరేటు చుట్టూ తిరిగేవి. ఇప్పుడు కొవ్వూరు, నిడదవోలు ప్రాంతాలు తూర్పు గోదావరి జిల్లాలో చేరాయి. జిల్లా కేంద్రం రాజమండ్రి. పాత వంతెన రెండు కొసలూ ఒకే కలెక్టరు పరిధిలోకి వచ్చాయన్నమాట. ధర్మాసుపత్రి, కాలేజీలు, తాడితోట బట్టల బజారు ఎలాగూ అవతలి ఒడ్డునే వున్నాయి. అరికిరేవుల, కుమారదేవం, వాడపల్లి వంటి గ్రామాల నుంచి రోజూ నది దాటే అవసరం తగ్గలేదు, పెరిగింది.

పరాయి దేశాల అనుభవం

పాత దారులను నడకకు, సైకిళ్లకు మళ్లించడం ప్రపంచంలో కొత్త కాదు. హేవలాక్ వంతెనకు దగ్గర పోలిక అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో వున్నది. హడ్సన్ నదిపై పౌకీప్సీ వద్ద 1889లో కట్టిన రైలు వంతెన 1974లో అగ్నిప్రమాదానికి గురై మూతపడింది. ముప్పయ్యయిదేళ్లు వృథాగా పడి వున్న ఆ వంతెనను 2009లో నడక వంతెనగా తెరిచారు. పొడవు సుమారు రెండు కిలోమీటర్లు, నీటికి 200 అడుగుల పైన. ఈ ఒడ్డున ఎక్కినవారు ఆ ఒడ్డున దిగవచ్చు. నడిచేవారి వద్ద, సైకిలువారి వద్ద రుసుము తీసుకోరు.

ఇంతకంటె నేర్చుకోదగిన ఉదాహరణ అదే దేశంలో పడమటి అంచున, ఒరెగాన్ రాష్ట్రంలో వున్నది. అక్కడ కొలంబియా నది కొండలను చీల్చుకుని పారుతుంది. పాపికొండల నడుమ గోదావరిని చూసినవారికి ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. ఆ నది గట్టు వెంట 1913 నుంచి 1922 మధ్య ఒక రోడ్డు వేశారు. శామ్యూల్ హిల్ అనే ధనిక న్యాయవాది పట్టుపట్టగా, శామ్యూల్ లాంకాస్టర్ అనే ఇంజనీరు పనికి రూపం ఇచ్చాడు. జలపాతాలు, కొండ మలుపులు ప్రయాణికుడి కంటపడేలా దారి తిప్పడం, ఎక్కడా నూటికి అయిదు అడుగులకు మించి ఎత్తు పెరగకుండా చూడడం ఆయన పెట్టుకున్న నియమాలు. ఆ కొద్దిపాటి ఎత్తే ఈనాడు సైకిలువారికి వరమైంది. లాంకాస్టర్ తలచుకున్నది మోటారు కార్లను, లాభపడినది సైకిళ్లు.

తర్వాత లారీలు పెరిగాయి. నది అంచున వెడల్పైన కొత్త రహదారి వేశారు. పాత రోడ్డు ముక్కలు ముక్కలై పాడుబడింది. మోజియర్ అనే చిన్న ఊరి దగ్గర జంట సొరంగాలను రాళ్లతో పూడ్చివేశారు. మిచెల్ పాయింట్ అనే చోట అయిదు కిటికీలతో కొండలో తొలిచిన సొరంగం ఆ రోడ్డుకే అందం. కొత్త రహదారి వెడల్పు కోసం 1966లో దానిని పేల్చివేశారు.

ఇరవై ఏళ్ల తర్వాత ఆ దేశం తప్పు దిద్దుకునే పని మొదలుపెట్టింది. 1986లో కొలంబియా లోయ రక్షణకు చట్టం చేస్తూ, వదిలివేసిన పాత రోడ్డు ముక్కలను నడకకు, సైకిళ్లకు పునరుద్ధరించే బాధ్యతను అందులోనే రాశారు. వట్టి ముక్కలను బాగుచేయడం కాదు. మొత్తం 73 మైళ్లు, అంటే 117 కిలోమీటర్లు, మళ్లీ ఒక దారిగా కలవాలన్నది లక్ష్యం. కొన్ని చోట్ల పాత రోడ్డు మీదనే కార్లు, సైకిళ్లు కలిసి సాగుతాయి. కొన్ని చోట్ల మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. పూడ్చిన జంట సొరంగాలను తవ్వి తీసి 2000 సంవత్సరంలో తెరిచారు. కొండ చరియల నుంచి రాళ్లు పడే చోట జనాన్ని పిలవడానికి ముందే దారిపై గట్టి కప్పు కట్టారు. పేల్చివేసిన మిచెల్ పాయింట్ సొరంగానికి బదులు అయిదు కిటికీల కొత్త సొరంగం తొలిచి 2025లో ప్రారంభించారు. హుడ్ రివర్ పట్టణం పక్కన కొద్ది మైళ్లు మాత్రం ఇంకా మిగిలి వున్నాయి. నలభై ఏళ్లలో ఎన్ని ప్రభుత్వాలు మారినా పని ఆగకపోవడానికి చట్టంలోని ఆ ఒక్క మాటే ఆధారం.

ఇందులో పల్లెలు గమనించవలసినది మరొకటి వున్నది. ఆ దారిలో రుసుము చెల్లించేది కారు నిలుపుకునేవారు. నడిచి వచ్చినవారికి, సైకిలుపై వచ్చినవారికి సొరంగాలు చూడడానికి టిక్కెట్టు లేదు. దారి ఒక కొస అయిదు వందల లోపు జనాభా వున్న మోజియర్‌లోకి దిగుతుంది. వచ్చినవాడు అలసి దిగితే కాఫీ, తిండి అక్కడే. పర్యాటకం వల్ల ఊరికి ఆదాయం అన్న మాట నిజం కావాలంటే దారి ఊళ్లోకి రావాలి. ఊరి అంచున గేటు పెట్టి వెనక్కి పంపితే ఆదాయం గేటు దగ్గరే ఆగుతుంది.

మన దగ్గర ఇందుకు భిన్నమైన ఉదాహరణా వున్నది. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు బాట, పైన సౌర పలకల కప్పుతో సహా వేశారు. చూడడానికి బాగున్నది. ఉదయం వ్యాయామానికి వచ్చేవారికి ఉపయోగం. అయితే పనికి పోయే కూలీ సైకిలు అటు తిరగడానికి ఆ బాట ఆయన ఇంటినీ పనిచోటునూ కలపాలి కదా. హేవలాక్ వంతెనకు ఆ లోటు లేదు. ఒక కొస కొవ్వూరు, రెండవ కొస గోదావరి స్టేషను, పుష్కర ఘాట్. కలపవలసిన ఊళ్లను వాల్టన్ ఎప్పుడో కలిపి వుంచాడు.

మోర్బీని మరువరాదు

దారి తెరవాలనడం ఎంత అవసరమో, తొందరపడి తెరవరాదనడమూ అంతే అవసరం. గుజరాత్‌లోని మోర్బీలో మచ్ఛు నదిపై బ్రిటిష్ కాలం నాటి వేలాడే నడక వంతెనను మరమ్మతుల పేరుతో కొన్ని నెలలు మూసి, 2022 అక్టోబరు చివరి వారంలో పండుగ జనం కోసం తెరిచారు. నాలుగు రోజులు తిరగకముందే, అక్టోబరు 30న అది తెగిపడి 130 మందికి పైగా చనిపోయారు. మృతులలో పసిపిల్లలు చాలామంది. 2025 జూన్‌లో పూణే సమీపంలో ఇంద్రాయణి నదిపై పాత ఇనుప వంతెన సందర్శకుల బరువుకు కూలి మరి నలుగురు మరణించారు.

రైళ్లను మోసిన వంతెనకు మనుషులు ఒక లెక్కా అని కొందరు తేలికగా అంటున్నారు. గర్డర్ల మాట నిజమే కావచ్చు. అయితే జనం నడిచేది గర్డర్ల మీద కాదు. వాటిపై కొత్తగా వేసే పలకల మీద. ఆనుకునేది కొత్తగా పెట్టే కటకటాలను. దశాబ్దాలుగా నది గాలికి, వానకు వదిలేసిన ఇనుములో ఏ రివెట్టు తిన్నదో, ఏ బేరింగు బిగుసుకుపోయిందో ఒక్కొక్క కానా విడివిడిగా పరీక్షించి తేల్చాలి. రైలు ఒక్కసారిగా వచ్చి పోతుంది. పండుగనాటి జనం ఒకే చోట గంటల తరబడి నిలబడతారు, బాణసంచా చూడడానికి అందరూ ఒకే వైపు చేరతారు. పరీక్ష చేసిన ఇంజనీర్ల నివేదికను ప్రజలకు తెలిసేలా రెండు ఒడ్డులలోనూ ప్రకటించడం కనీస ధర్మం.

పుష్కరాల విషయంలో జాగ్రత్త మరీ అవసరం. 2015 జూలై 14న, పుష్కరాల మొదటిరోజు ఉదయాన రాజమండ్రి పుష్కర ఘాట్ వద్ద తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. వంతెన రాజమండ్రి కొస ఆ ఘాట్ పక్కనే వున్నది. 2027లో లక్షలాది జనం అదే చోట చేరినప్పుడు వంతెనను తెరిచి వుంచుతారా, మూసి వుంచుతారా, తెరిస్తే ఒక వైపు నడకా లేక రెండు వైపులా అన్నది ఇప్పుడే నిర్ణయించుకోవలసిన విషయం. కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో స్నానం చేసినవారు రాజమండ్రికి, రాజమండ్రివారు అటు నడిచి వెళ్లే అవకాశముంటే ఘాట్‌లపై ఒత్తిడి తగ్గుతుందనడం కాగితంపై బాగుంటుంది. అయితే రెండు కొసల వద్దా దిగే జాగా చాలినంత లేకపోతే అదే కొత్త ఇరుకు అవుతుంది. పుష్కరాలకు ముందే పూర్తి చేయాలన్న ఆత్రుత సహజం. పరీక్షలు పూర్తికాకపోతే పుష్కరాల తర్వాత తెరిచినా నష్టం లేదు. గోదావరి ఎక్కడికీ పోదు.

ఏటిగట్టుతో కలిపితే

వంతెన ఒక్కటే చూస్తే రెండున్నర కిలోమీటర్ల నడక. దానిని ఏటిగట్లతో కలిపి చూస్తే పెద్ద బాట రూపు కనిపిస్తుంది. రాజమండ్రిలో వంతెన ఎక్కి కొవ్వూరులో దిగి, ఏటిగట్టు వెంట మద్దూరు మీదుగా విజ్జేశ్వరం చేరి, అక్కడి నుంచి బ్యారేజీ మీదుగా లంకలు దాటి ధవళేశ్వరం వచ్చి, కాటన్ మ్యూజియం చూసి, మళ్లీ గట్టు వెంట రాజమండ్రికి తిరిగి రావచ్చు. నది రెండు ఒడ్డులూ చుట్టి వచ్చే ఇటువంటి దారి, అందులో ఒక కొస 1852లో పూర్తయిన ఆనకట్ట చోటు, మరొక కొస 1900 నాటి వంతెన, రాష్ట్రంలో మరొకటి దొరకదు. గట్లు ఎలాగూ వున్నాయి. కావలసినది బ్యారేజీ రోడ్డుపై సైకిళ్లకు కొంత రక్షణ, గట్టుపై అక్కడక్కడా నీడ, మంచినీరు, మరుగుదొడ్లు, సాయంత్రం వెలుతురు. ముఖ్యంగా ఆడపిల్లలు వెలుతురు లేని వంతెనపై అడుగు పెట్టరు.

రుసుము సంగతి కూడా ముందే తేలాలి. వంతెన నిర్వహణకు డబ్బు కావాలి. ఇనుముకు కొన్నేళ్లకొకసారి రంగు వేయకపోతే తుప్పు తినివేస్తుంది. ఆ ఖర్చును రోజూ నది దాటే పాలవాడి జేబు నుంచి తీయాలా, కారు నిలిపే సందర్శకుడి నుంచి తీయాలా? నెలవారీ పాసు పెట్టవచ్చు. ఉదయం తొమ్మిది దాకా, సాయంత్రం అయిదు తర్వాత స్థానికులకు ఉచితంగా వదలవచ్చు. ఒకసారి గుత్తేదారుకు అప్పగించి ఒప్పందం రాసిన తర్వాత ఈ వెసులుబాట్లు అడిగితే ఎవరూ వినరు. చిన్న వ్యాపారుల మాటా అంతే. వేరుశనగలు, జామకాయలు, పూతరేకులు అమ్ముకునేవారికి కొవ్వూరు కొసన జాగా కేటాయింపు నమూనాలోనే వుండాలి.

వంతెన కొవ్వూరు వైపు దిగే మెట్టు, సైకిలు దింపే వాలు, అక్కడి నుంచి బస్టాండుకు, ఏటిగట్టుకు దారి వున్నాయో లేవో తెలియాలంటే పథకం నమూనా పటాన్ని కొవ్వూరులోనూ బహిరంగంగా ప్రదర్శించాలి. శంకుస్థాపన రాజమండ్రి ఒడ్డున జరిగింది. పటం చూపడమైనా అవతలి ఒడ్డున జరగాలని కోరుతూ మండలంలోని గ్రామసభలు తీర్మానాలు చేసి కలెక్టరుకు, పర్యాటక శాఖకు పంపవచ్చు. నమూనాలో మార్పులు సులభంగా జరిగేది ఇనుప పలకలు బిగించకముందే.